మైత్రీమూర్తి బిషప్ అజరయ్య

సికింద్రాబాదు నుండి కాజీపేట మీదుగా విజయవాడకు పోయే రైలు మార్గంలో జనగామ, మహబూబాబాదు స్టేషన్లను దాటిన తరువాత దోర్నకల్ జంక్షన్ వస్తుంది. సింగరేణి బొగ్గు గనుల వైపు మరొక రైలు మార్గం ఇక్కడే చీలుతుంది. ఒకనాడు నైజాం రాజ్యంలో వరంగల్లు జిల్లాకు చెంది, నేడు మహబూబాబాదు జిల్లాలో ఉన్న ఈ చిన్న పట్టణంలో గుమ్మటాలతో, మినార్లతో, రాతి స్తంభాలతో నిర్మితమైన ఒక క్రైస్తవ దేవాలయం ఉన్నది. మసీదు శిల్పం, మందిర శిల్పం, చర్చి శిల్పం మూడూ అందులో కలిసి కనిపిస్తాయి. ఆ కట్టడాన్ని సంకల్పించిన మహనీయుడు తెలుగువాడు కాడు. ఆయన మాతృభాష తమిళం. అయినా తెలుగు నేర్చి, తెలుగు పల్లెలలో మూడున్నర దశాబ్దాలు జీవించి, ఈ నేలమీదనే కన్నుమూశారు. ఆయనే బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

అవమానం మనిషి మనస్సులో ముల్లువలె నాటుకొంటుంది. అవమానింపబడినవాడికి సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, సమయం కోసం కాచుకొని ఉండి బదులు తీర్చుకోవడం. రెండవది, బలవంతుని ఎదుట నోరు మెదపలేక బాధను దిగమింగి, దానికే సహనమని పేరు పెట్టుకోవడం. మొదటి దారిలో ద్వేషం పెరుగుతుంది. రెండవ దారిలో అన్యాయం పెరుగుతుంది. ఈ రెండింటికీ భిన్నమైన మూడవ దారి ఒకటున్నదని తన జీవితం ద్వారా చూపినవారు అజరయ్య.

అజరయ్య 1874 ఆగస్టు 17వ తేదీన తమిళదేశంలోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెళ్ళాలన్‌విళై అనే గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకం ఆ గ్రామంలో ఆంగ్లికన్ సంఘపు గురువు. ఇంగ్లాండు దేశపు అధికార సంఘానికి అనుబంధంగా మన దేశంలో ఏర్పడిన క్రైస్తవ సంఘానికే ఆంగ్లికన్ సంఘమని పేరు. వారిది నాడార్ కుటుంబం. ఆ రోజులలో దక్షిణ తమిళదేశంలో నాడార్లను అగ్రవర్ణాలవారు చిన్నచూపు చూసేవారు. ఆలయ ప్రవేశం మొదలుకొని వస్త్రధారణ వరకు వారిపై ఎన్నో ఆంక్షలు ఉండేవి. మనిషిని మనిషి తక్కువ చేయడమంటే ఏమిటో ఆ సమాజంలో పుట్టిన బాలునికి వేరుగా చెప్పవలసిన పని లేదు. క్రైస్తవులైన తరువాత కూడా విద్యార్థుల మధ్య కులభేదాలు సమసిపోకపోవడం చూసి, వాటిని అధిగమించడానికి ఒక సంఘాన్ని స్థాపించిన విద్యార్థులలో ఆయన ఒకరు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువు సాగించిన అజరయ్య పట్టాను పొందకుండానే బయటకు వచ్చారు. 1895లో వై.ఎం.సి.ఏ. అనే క్రైస్తవ యువజన సంస్థలో కార్యదర్శిగా చేరి, సుమారు పద్నాలుగు సంవత్సరాలు దక్షిణ భారతమంతా పర్యటించారు. ఈ కాలంలోనే అమెరికా దేశస్థుడైన షెర్వుడ్ ఎడ్డీ ఆయనకు ప్రాణమిత్రుడయ్యాడు. జాతిభేదం లేని స్నేహం సాధ్యమేనని ఈ అనుబంధం ఆయనకు నేర్పింది. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. దక్షిణ భారతంలో కళాశాల విద్యను అభ్యసించిన తొలి క్రైస్తవ మహిళలలో ఆమె ఒకరు.

భారతీయుల సంఘాన్ని భారతీయులే నడపాలని, విదేశీ ధనం మీద ఆధారపడరాదని అజరయ్య గాఢంగా విశ్వసించారు. ఆ విశ్వాసం ఫలితంగా 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడ్డాయి. రెండింటి స్థాపనలోనూ ఆయనది ప్రధాన పాత్ర. మొదటి సంస్థ తన సేవాక్షేత్రంగా నైజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతాన్ని ఎన్నుకొన్నది. ఇతరులను పంపి తాను పట్టణంలో ఉండిపోవడం ధర్మం కాదని భావించి, 1909లో గురువుగా అభిషేకం పొంది, భార్యాబిడ్డలతో ఆయన దోర్నకల్ చేరుకొన్నారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై అయిదు సంవత్సరాలు. ఆ వయస్సులో కొత్త భాషను అక్షరాల నుండి నేర్చుకోవడం మొదలుపెట్టారు.

ఆ కాలపు పరిస్థితిని ఇక్కడ కొంత తెలుసుకోవాలి. దేశాన్ని పాలిస్తున్నది ఆంగ్లేయులు. మిషనరీలలో అధిక భాగం ఐరోపా, అమెరికా ఖండాలవారు. వారిలో త్యాగధనులు ఎందరో ఉన్నారు. స్వదేశాన్ని, సుఖాన్ని విడిచివచ్చి, ఇక్కడి రోగాలకు బలియై, బిడ్డలను ఈ మట్టిలోనే పాతిపెట్టి, పాఠశాలలనూ వైద్యశాలలనూ నిలిపినవారున్నారు. అయితే వారితో పాటు పనిచేసే భారతీయులను సమానులుగా చూడడానికి మాత్రం చాలామందికి మనసొప్పేది కాదు. జీతమిచ్చే యజమానికి, జీతం తీసుకొనే సేవకునికి మధ్య ఉండే సంబంధమే వారి మధ్య ఉండేది. ఒకే బైబిలును బోధించేవారు, ఒకే దేవునికి మొక్కేవారు సంవత్సరాల తరబడి కలిసి పనిచేసినా ఒకరింట ఒకరు భోజనం చేయడం అరుదు. మనిషి మంచితనాన్ని శంకించవలసిన పని లేకపోయినా, ఆ మంచితనంలోని అధికారపు ధోరణి ఎదుటివాని మనస్సును గాయపరచేది. అజరయ్య తాను స్వయంగా ఈ స్థితిని ఎరుగుదురు. తనవంటి వందలాది ఉపదేశకులు, ఉపాధ్యాయులు నోరు విప్పక దీనిని అనుభవించడాన్నీ ఎరుగుదురు.

1910 జూన్ నెలలో స్కాట్లండు దేశంలోని ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులు అక్కడ సమావేశమయ్యారు. వారిలో ఆసియా దేశాలవారు కొద్దిమంది మాత్రమే. ఆ కొద్దిమందిలో అజరయ్య ఒకరు. విదేశీ, స్వదేశీ సేవకుల మధ్య సహకారం అనే అంశంపై మాట్లాడవలసిందిగా ఆయనను కోరారు.

పొగడ్తలతో ఉపన్యాసాన్ని ముగించి ఉంటే కరతాళధ్వనులకు కొరత ఉండేది కాదు. అజరయ్య అలా చేయలేదు. ఉభయుల మధ్య ఉన్న సంబంధం సరిగా లేదని, ఒకవైపు పెద్దరికం, మరొకవైపు అణకువ నటన ఉన్నాయని, మనస్సు విప్పి మాట్లాడుకొనే చనువు లేదని నిండు సభలో నిర్భయంగా ప్రకటించారు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా తమ గడప తొక్కని మిషనరీలను గురించి, ఒక్కపూట భోజనానికైనా పిలువని పెద్దలను గురించి వివరించారు. ఉపన్యాసం చివర ఆయన స్వరం మారింది. మిషనరీల త్యాగాలకు భారతీయ సంఘం తరతరాలు కృతజ్ఞతతో ఉంటుందని చెప్పారు. వారు పేదలకు ఆస్తులిచ్చారు, అగ్నికి తమ దేహాలనే అర్పించారు. ఇక వారినుండి తాము కోరేది ప్రేమ ఒక్కటే అన్నారు. చివరి మాటగా, తమకు స్నేహితులను ఇమ్మని అర్థించారు.

సభలో కొందరు నొచ్చుకొన్నారు. అతిథిగా వచ్చినవాడు ఆతిథ్యమిచ్చినవారిని నిందించాడని భావించినవారున్నారు. మరికొందరు తమ తప్పును గుర్తించి తలలు వంచుకొన్నారు. ఆ ఉపన్యాసం మహాసభలోని చిరస్మరణీయ ఘట్టాలలో ఒకటిగా చరిత్రకెక్కింది. ఒక శతాబ్దం గడచిన తరువాత కూడా ప్రపంచ క్రైస్తవ చరిత్రను రాసేవారు దానిని ప్రస్తావించకుండా ఉండలేకపోతున్నారు.

ఈ సంఘటనను లోతుగా ఆలోచించాలి. మత్తయి సువార్తలోని పద్దెనిమిదవ అధ్యాయం క్షమను గురించి చెప్పే అధ్యాయంగా ప్రసిద్ధం. సోదరుని ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లు చాలునా అని పేతురు అడిగినప్పుడు, ఏడు డెబ్బదులసార్లు క్షమించాలని యేసు బదులిచ్చిన ఘట్టం అందులోనిదే. రాజు తన కొండంత ఋణాన్ని రద్దు చేయగా, తనకు కొద్దిపాటి సొమ్ము బాకీపడిన తోటివాని గొంతు పట్టుకొన్న సేవకుని కథ కూడా అందులోనిదే. అయితే ఆ అధ్యాయంలోనే, వీటికి ముందుగా మరొక బోధ ఉన్నది. సోదరుడు తప్పు చేస్తే అతని వద్దకు వెళ్ళి ఆ తప్పును తెలియజేయమనీ, వినకపోతే సంఘానికే చెప్పమనీ ఆ బోధ. తప్పును తప్పుగా చెప్పడం, చెప్పి కూడా చేయి చాచడం అనే రెండూ కలిస్తేనే క్షమ సంపూర్ణమవుతుంది. అజరయ్య ఎడింబరోలో చేసినది అదే. గాయాన్ని దాచలేదు. గాయపరచినవారిని వెలివేయనూ లేదు. శత్రువులని పిలవదగినవారిని స్నేహితులు కమ్మని కోరారు.

ఆ మాటకు మూల్యం చెల్లించవలసిన సమయం త్వరలోనే వచ్చింది. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అజరయ్యను బిషప్‌గా నియమించాలని ప్రతిపాదించారు. ఆంగ్లికన్ సంఘంలో అంతవరకు భారతీయుడెవడూ ఆ పదవిని అధిష్ఠించలేదు. ప్రతిపాదన బయటపడగానే వ్యతిరేకత చెలరేగింది. తెల్లజాతి మిషనరీలు భారతీయుని అధికారం కింద ఎలా పనిచేస్తారని ఐరోపావారు అభ్యంతరం తెలిపారు. మరింత బాధాకరమైన విషయం ఏమంటే, ఆయన సొంత ప్రాంతమైన తిరునెల్వేలిలోని భారతీయ క్రైస్తవులలో కొందరు కూడా దీనిని వ్యతిరేకించారు. పరాయివాడు చేసిన అవమానం కంటే తనవాడు చేసినది మనస్సును ఎక్కువగా దహిస్తుంది. ఈ రెండింటినీ అజరయ్య ఒకేసారి ఎదుర్కొనవలసి వచ్చింది.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా నగరంలోని సెయింట్ పాల్ దేవాలయంలో అజరయ్య దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అనే కీర్తి ఆయనకు దక్కింది. కాని ఈ కీర్తికి మరొక ముఖం కూడా ఉన్నది. 1912 నుండి 1945లో మరణించే వరకు, సొంత అధ్యక్ష ఖండం గల భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయన ఒక్కరే. ముప్పై రెండు సంవత్సరాల పాటు మరొక భారతీయునికి ఆ స్థానం లభించలేదు. అంటే ఎడింబరోలో ఆయన ఎత్తిచూపిన లోపం ఒక్క ఉపన్యాసంతో తొలగిపోలేదు. క్షమించినంత మాత్రాన అన్యాయం మాయమవుతుందని చెప్పడానికి వీలులేదు. అది తొలగేవరకు ద్వేషానికి లొంగకుండా పని చేసుకొనిపోవడం క్షమలోని కష్టతరమైన భాగం.

అజరయ్య ఎద్దుల బండిమీద, సైకిలుమీద, కాలినడకన పల్లెపల్లెకూ తిరిగారు. సంఘంలో చేరినవారిలో అధిక సంఖ్యాకులు మాల, మాదిగ కులాలవారు. ఊరి బావినీళ్ళు అందనివారు, వెట్టిచాకిరీతో నలిగినవారు. తరతరాలుగా వారు అనుభవించిన అవమానాల ముందు తాను అనుభవించినది ఏపాటి అని ఎవరికైనా తోచక మానదు. వారికి మాటలతో ఓదార్పు చెప్పి ఊరుకోకుండా అపరిశుభ్రత, రోగం, అప్పు, మద్యపానం అనే శత్రువులమీద ఆయన పోరాటం సాగించారు. పాఠశాలలు, వైద్యశాలలు, సహకార సంఘాలు, ముద్రణాలయం ఏర్పడ్డాయి. తెలుగు కీర్తనలు, భజనలు, కాలక్షేపాలు, పంట పండుగలు ఆరాధనలో భాగమయ్యాయి. అన్బు మరియమ్మాళ్ స్త్రీల మధ్య, బాలికల మధ్య పనిచేసి భర్తకు కుడిభుజమై నిలిచారు.

బాప్తిస్మం పొందిన మాత్రాన కులభేదం తొలగిపోలేదు. మాలలకు, మాదిగలకు మధ్య పాతకాలపు వైషమ్యాలు ఉండేవి. ఒకరు వాడిన పాత్రను మరొకరు ముట్టని రోజులవి. ఆంగ్లికన్ ఆరాధనా క్రమంలో ప్రభు రాత్రి భోజన సంస్కారానికి ముందు ఒక పిలుపు ఉంటుంది. తమ పాపాలకు పశ్చాత్తాపపడి, పొరుగువారితో ప్రేమ కలిగి ఉన్నవారే దగ్గరకు రావాలన్నది దాని భావం. ఒకే రొట్టెను విరిచి, ఒకే గిన్నెలోనిది పుచ్చుకొనే ఆ సంస్కారంలో, పొరుగువానిమీద పగను గుండెలో ఉంచుకొని పాల్గొనడానికి తావులేదు. కుల విభేదాలను సంఘంలోకి రానీయరాదని అజరయ్య పట్టుబట్టారు. తెల్లవారి భోజనపు బల్లవద్ద భారతీయునికి చోటు లేకపోవడం తప్పయితే, క్రైస్తవుని బల్లవద్ద మాదిగకో మాలకో చోటు లేకపోవడం కూడా తప్పే. తాను అనుభవించిన అవమానం ఇతరుల అవమానాన్ని గుర్తించడానికి ఆయనకు కన్నుగా ఉపకరించింది.

1920 తరువాత దోర్నకల్ అధ్యక్ష ఖండం విస్తరించి, కృష్ణా గోదావరి జిల్లాలలోని ఆంగ్లికన్ సంఘాలు కూడా అందులో చేరాయి. వాటితోపాటు ఐరోపా మిషనరీలు కూడా ఆయన అధికార పరిధిలోకి వచ్చారు. భారతీయుని కింద తెల్లవారు పనిచేయజాలరన్న వాదానికి కాలమే సమాధానం చెప్పింది. అజరయ్య వారిని సహచరులుగా చేసుకొన్నారు. బాధ్యతలను పంచుకొన్నారు. ఎడింబరోలో అడిగిన స్నేహాన్ని దోర్నకల్‌లో తాము ముందుగా అందించారు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటును ఇచ్చింది. కళాశాల పట్టా లేని పల్లెటూరి గురువు కుమారునికి లభించిన ఈ గౌరవం అపూర్వమైనది. 1930ల నాటికి ఆయన అధ్యక్ష ఖండంలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

జాతీయ విషయాలలోనూ అజరయ్యకు స్వతంత్రాభిప్రాయాలు ఉండేవి. మతాంతరీకరణ విషయంలో మహాత్మా గాంధీతో ఆయనకు తీవ్రమైన భేదాభిప్రాయం ఉండేది. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కేటాయించే ప్రతిపాదనను ఆయన వ్యతిరేకించారు. అది తోటి భారతీయుల నుండి క్రైస్తవులను వేరుచేస్తుందని ఆయన వాదం. లాభదాయకమైనదైనా సరే, మనుషుల మధ్య గోడ కట్టే ఏర్పాటును ఆయన అంగీకరించలేదు.

గోడలను కూల్చాలన్న తపనే ఆయనను సంఘాల ఐక్యత వైపు నడిపించింది. పాశ్చాత్య దేశాలలో ఏనాడో జరిగిన తగాదాల వలన ఏర్పడిన శాఖలను భారతీయ క్రైస్తవులు ఎందుకు మోయాలన్నది ఆయన ప్రశ్న. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది క్రైస్తవ నాయకులు సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్య నాయకత్వం వహించిన ఆ సమావేశం ఐక్యతకు పిలుపునిచ్చింది. ఆపైన ఇరవై ఎనిమిది సంవత్సరాల చర్చలలో ఎన్నో ఆటంకాలు ఎదురయ్యాయి. ఒక శాఖవారు మరొక శాఖవారిని అనుమానించడం, పాత గాయాలను తవ్వుకోవడం జరుగుతూనే ఉండేది. ఆయన ఓర్పు వదలలేదు.

దోర్నకల్ దేవాలయ నిర్మాణం 1939 నాటికి పూర్తయింది. ఆ ఏడాది జనవరి 6వ తేదీన దానిని ప్రతిష్ఠించారు. హిందూ, ఇస్లాం, క్రైస్తవ శిల్పరీతులను ఒకే కప్పు కిందకు తెచ్చిన ఆ కట్టడాన్ని ఆయన జీవిత సందేశానికి రాతి రూపమని చెప్పవచ్చు.

1945 జనవరి 1వ తేదీన అజరయ్య దోర్నకల్‌లో పరమపదించారు. ఆయన కలగన్న ఐక్య సంఘం ఆయన కన్నుల ముందు ఏర్పడలేదు. 1947 సెప్టెంబరు 27వ తేదీన, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరువారాలకు, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. విత్తినవాడు ఒకడు, కోసినవాడు మరొకడు. దోర్నకల్ అధ్యక్ష ఖండం నేటికీ ఆ సంఘంలో భాగంగా కొనసాగుతున్నది.

అజరయ్య జీవితం మనకు నేర్పే పాఠం ఒకటున్నది. క్షమ అంటే జరిగినదానిని జరగనట్లు నటించడం కాదు. బలహీనుడు బలవంతునికి చేసే సలాము అంతకంటే కాదు. తప్పును ముఖాముఖిగా చెప్పగల ధైర్యం, చెప్పిన తరువాత కూడా చేయి చాచగల ఔదార్యం, అధికారం తన చేతికి వచ్చినప్పుడు బదులు తీర్చుకోకుండా నిలువగల నిగ్రహం కలిస్తేనే అది క్షమ. అవమానం పొందినవాడు, తనను అవమానించినవానికంటే ఎత్తయిన మెట్టుమీద నిలబడే అవకాశం ఇక్కడే ఉన్నది. ఆ మెట్టుమీద నిలబడి కిందివానిని తక్కువగా చూడక, అతనిని కూడా పైకి రమ్మని పిలిచినవారు అజరయ్య. దోర్నకల్ మీదుగా రైలులో ప్రయాణించే విద్యార్థులు ఆ ఊరి పేరు వినపడినప్పుడు, స్నేహితులను ఇమ్మని ప్రపంచాన్ని అడిగి, తానే ముందుగా స్నేహితుడైన ఆ మహనీయుని ఒక్కసారి స్మరించుకోవడం ఉచితం.